ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ బ్లాగ్ వీ4: తిరుపతి మిద్దెల మీద ఎంతవరకు పనికొస్తుంది?

ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అంటే కంప్యూటర్ యూఎస్‌బీకి గుచ్చి, సాఫ్ట్‌వేర్‌తో రేడియో సిగ్నళ్లు పట్టుకునే చిన్న డాంగిల్. వాటిలో బ్లాగ్ వీ4 మంచి సరుకు. అయితే పెట్టెలో వచ్చిన యాంటెనాను కిటికీ అద్దానికి అంటించి, గెయిన్ (సిగ్నల్‌ను పెద్దది చేసే మోతాదు) చివరిదాకా పెంచేసి, 'ఏమీ రాలేదు' అని మూలన పడేసేవాళ్లే ఎక్కువ. ఈ డాంగిల్‌కు మార్కులు వేసేముందు దాన్ని సరిగ్గా పెట్టాలి.

ముందు డ్రైవర్ సంగతి. పాత డ్రైవర్లు వీ4లోని ఆర్828డీ ట్యూనర్‌ను (స్టేషన్‌ను పట్టే చిప్) సరిగ్గా నడపలేవు. స్క్రీన్ మీద గీత కదులుతుంది గానీ స్టేషన్లు రావు. విండోస్‌లో జాడిగ్ (డ్రైవర్లు ఎక్కించే ప్రోగ్రామ్) తెరిచి 'బల్క్-ఇన్, ఇంటర్‌ఫేస్ 0' ఎంచుకుని విన్‌యూఎస్‌బీ డ్రైవర్ ఎక్కించండి. సాఫ్ట్‌వేర్ పాతదైతే కొత్త వెర్షన్ దించుకోండి.

అసలు కథ గెయిన్‌లో ఉంది. ఇందులోది 8 బిట్ల చిప్. బలమైన ఎఫ్‌ఎం స్టేషన్ పక్కన బలహీనమైన సిగ్నల్‌ను పట్టుకునే సత్తా దానికి తక్కువ. ఊళ్లో గెయిన్ విపరీతంగా పెంచితే వాతావరణ ఉపగ్రహాలుండే 137 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా ఎఫ్‌ఎం పాటలు దయ్యాల్లా వినిపిస్తాయి. కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో గెయిన్‌ను తనంతట తానే మార్చే రెండు ఏజీసీలూ (ట్యూనర్‌ది, ఆర్‌టీఎల్‌ది) ఆపేయండి. గెయిన్ సున్నా నుంచి ఒక్కో మెట్టు పెంచుతూ, అడుగున ఉన్న రొద గీతనూ పైకి లేచిన సిగ్నల్‌నూ కలిపి చూడండి. సిగ్నల్ కంటే రొద ఎక్కువగా లేచిన చోట ఒక మెట్టు వెనక్కి రండి. అదే మీ ఇంటికి సరైన గెయిన్. బ్యాండ్ మార్చినప్పుడల్లా ఇది మళ్లీ చూసుకోవాల్సిందే. వీ4 లోపల ఎఫ్‌ఎంను తగ్గించే ఫిల్టర్ ఉంది గానీ అది కొద్ది డీబీలే (డెసిబెళ్లు, సిగ్నల్ బలానికి కొలత) కోస్తుంది. ట్రాన్స్‌మిటర్‌కు దగ్గరగా ఉండేవాళ్లు 88-108 మెగాహెర్ట్జ్‌ను అడ్డుకునే ఫిల్టర్ విడిగా కొనుక్కోవడం మేలు.

షార్ట్‌వేవ్‌లో వీ4 దాని ముందు మోడల్ వీ3 కంటే స్పష్టంగా మెరుగు. వీ3లో డైరెక్ట్ శాంప్లింగ్ (ట్యూనర్‌ను దాటేసి సిగ్నల్‌ను నేరుగా చిప్‌కు ఇవ్వడం) వల్ల 14.4 మెగాహెర్ట్జ్‌కు అటూ ఇటూ ఉన్నవి ఒకదాని మీద ఒకటి పడతాయి. వీ4లో షార్ట్‌వేవ్‌ను పై ఫ్రీక్వెన్సీకి మార్చి ట్యూనర్‌కు ఇచ్చే అప్‌కన్వర్టర్ లోపలే ఉంది కాబట్టి ఆ బాధ లేదు. ఇక్కడ శత్రువు ఇంట్లోని కరెంటు సామాన్లే. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ స్విచ్ ఆపి చూడండి. ఇన్వర్టర్‌ను కూడా ఆపాలి, మర్చిపోవద్దు. వాటర్‌ఫాల్ (స్క్రీన్ మీద సిగ్నళ్లు రంగుల్లో కిందికి జారే బొమ్మ) శుభ్రపడిందంటే రొద మీ ఇంట్లోదే. ఒక్కొక్కటే మళ్లీ వేస్తూ పోతే ఏ ఎల్‌ఈడీ బల్బో, ఏ ఫోన్ చార్జరో దొరికిపోతుంది. డాంగిల్‌ను ల్యాప్‌టాప్‌కు నేరుగా గుచ్చకుండా మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వాడి, ఆ తీగను రొదను ఆపే ఫెరైట్ రింగులో నాలుగైదు చుట్లు తిప్పండి.

ఇక యాంటెనా. పెట్టెలోని డైపోల్‌ను (రెండు కడ్డీల యాంటెనాను) తక్కువగా చూడొద్దు. పొడవు కడ్డీలు రెండింటినీ 53.4 సెంటీమీటర్లకు లాగి, మధ్య 120 డిగ్రీల కోణం ఉంచి, నేలకు సమాంతరంగా మిద్దె మీద పెడితే రష్యా వారి మీటియర్ వాతావరణ ఉపగ్రహాలు 137.9 మెగాహెర్ట్జ్‌లో వస్తాయి. వీ ఆకారం ఉత్తరానికో దక్షిణానికో తెరుచుకుని ఉండాలి. సిగ్నల్ నుంచి బొమ్మ తీయడానికి శాట్‌డంప్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. అమెరికా వారి పాత నోవా (NOAA) వాతావరణ ఉపగ్రహాలు 2025లో ఆగిపోయాయి గనుక వాటి సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. తిరుపతిలో ఉత్తరాన ఏడుకొండలు అడ్డు. ఉత్తరం నుంచి దిగే ఉపగ్రహం కొండ దాటేదాకా అందదు, అటు పోయేది తొందరగా మాయమవుతుంది. బొమ్మ పై అంచు తెగితే యాంటెనాను అనుమానించకండి. 1090 మెగాహెర్ట్జ్‌లో తామెక్కడున్నామో చెప్పే విమానాల సంగతీ ఇంతే. చెన్నై వైపువి చక్కగా కనిపిస్తాయి, కొండ వెనకవి కనిపించవు. దీనికి చిన్న కడ్డీలను ఒక్కోటి 6.5 సెంటీమీటర్లకు తగ్గించి నిలువుగా పెట్టాలి.

నాకు నచ్చనిది దాంతో ఇచ్చే సన్న కేబుల్. ఆర్‌జీ174 రకం 1090లో మీటరుకు ఒక డీబీకి పైగానే తినేస్తుంది. మిద్దె నుంచి కింది గదికి 15 మీటర్లు దించితే సిగ్నల్‌లో మిగిలేది పిసరంతే. డిష్ సామాన్లమ్మే అంగట్లో ఆర్‌జీ6 అడగండి, అదే దూరానికి సుమారు 3 డీబీతో సరిపోతుంది. డాంగిల్ 50 ఓమ్‌లది, కేబుల్ 75 ఓమ్‌లదనే భయం వద్దు, ఆ తేడాతో పోయేది 0.2 డీబీ లోపే. కేబుల్‌కుండే ఎఫ్ కనెక్టర్‌ను డాంగిల్‌కుండే ఎస్‌ఎంఏకు మార్చే అడాప్టర్లు కావాలి. ఎల్‌ఎన్‌ఏ (రొద పెంచకుండా సిగ్నల్ పెంచే ఆంప్లిఫయర్) మీద ఖర్చు అన్నిటికన్నా చివర. పెట్టేదుంటే యాంటెనా మొదట్లోనే పెట్టి, డాంగిల్‌లోని బయాస్-టీతో (కేబుల్‌లోనే కరెంటు పంపే ఏర్పాటు) దానికి 4.5 వోల్టులు పంపండి. గదిలో డాంగిల్ పక్కన పెడితే కేబుల్‌లో పోయింది తిరిగి రాదు.

మిద్దె మీది జాయింట్లకు రబ్బరు టేపు గట్టిగా చుట్టాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లో కేబుల్‌లోకి నీళ్లు దిగితే అది ఇక పనికిరాదు. ఉరుములప్పుడు యాంటెనా పీకేయండి. డాంగిల్‌ను మాత్రం నీడలో ఉంచండి. మామూలుగానే వేడెక్కుతుంది, మే నెల ఎండలో మూసిన డబ్బాలో పెట్టకూడదు.

వీ3 ఉండి, షార్ట్‌వేవ్ వినని వాళ్లకు వీ4 అక్కర్లేదు, ఆ డబ్బు కేబుల్ మీద పెట్టండి. కొత్తగా కొనేవాళ్లు నకిలీలతో జాగ్రత్త. రాగానే 'ఆర్‌టీఎల్ టెస్ట్' (rtl_test) అనే ప్రోగ్రామ్ నడిపి చూడండి, అసలుదైతే 'బ్లాగ్ వీ4' అని పేరు చూపిస్తుంది. చూపకపోతే గడువు దాటకముందే వెనక్కి పంపేయండి.