అడ్తి దుకాణానికి సాఫ్ట్‌వేర్: ముందు ఏ బొమ్మ గీయాలి?

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణానికి (రైతు సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం) సాఫ్ట్‌వేర్ చేయాలనుకోండి. రిక్వైర్‌మెంట్స్ (సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో ఆ జాబితా) కోసం వెళ్లిన అనలిస్టు సాధారణంగా బీపీఎంఎన్‌లో, అంటే పనుల క్రమాన్ని గడులూ బాణాలతో చూపే పద్ధతిలో, పని వరస గీసేస్తాడు: రైతు మిర్చి బస్తాలు దింపుతాడు, ఖరీదుదారు ధర పెడతాడు, దడ్వాయి (తూకం వేసేవాడు) కాంటా వేస్తాడు, కమీషనూ హమాలీ ఖర్చులూ పోను ఎంత వస్తుందో తక్‌పట్టీ (లెక్క చీటీ) రాసిస్తారు. బొమ్మ బాగానే ఉంటుంది, సేటు కూడా ఓకే అంటాడు. కానీ అందులో ‘అప్పు మినహాయింపు’ ఒక చిన్న గడి మాత్రమే, దుకాణం నడిచేదేమో ఆ అప్పు మీద! పెట్టుబడికి డబ్బిచ్చిన దుకాణానికేగా రైతు సరుకు తెచ్చేది.

మరి బిజినెస్ మోడల్ కాన్వాస్? వ్యాపారం ఎలా నడుస్తుందో ఒకే పేజీలో చూపే కాగితమిది. ఆస్టర్‌వాల్డర్ అనే పరిశోధకుడి 2004 నాటి పీహెచ్‌డీలోంచి పుట్టిన ఈ తొమ్మిది గడుల కాగితాన్ని సేటుతోనే నింపించవచ్చు. అసలు మీ కస్టమర్ రైతా, ఖరీదుదారా అని అడిగితే మంచి చర్చే నడుస్తుంది. అయితే అంతా ఒక్క దుకాణం వైపు నుంచే కనిపిస్తుంది, పైగా ‘రైతులతో సంబంధాలు’ అన్న చీటీ చూసి డెవలపర్ ఏం కోడ్ రాస్తాడు చెప్పండి.

నా ఓటు ఈ3వాల్యూకి. ఆమ్‌స్టర్‌డామ్‌లో గోర్డైన్, అకర్‌మన్స్ అనే పరిశోధకులు తయారుచేసిన ఈ పద్ధతిలో ఎవరు ఎవరికి ఏం ఇస్తున్నారు, బదులుగా ఏం తీసుకుంటున్నారు అనేదే గీస్తాం. ఇచ్చినదానికి తిరిగి వచ్చేది చూపకపోతే బొమ్మ పూర్తికాదు. అడ్తిదారు నుంచి రైతుకు అప్పు అని ఒక గీత గీయగానే, బదులుగా ఏమొస్తుందని అడగక తప్పదు: సరుకు, కమీషన్, వడ్డీ. (వడ్డీ సంగతి అడగాలంటే కాస్త మొహమాటమే, అయినా అడగాలి.) అక్కడినుంచి రిక్వైర్‌మెంట్స్ వాటంతటవే వస్తాయి. ఈ సీజన్ బాకీ వచ్చే సీజన్‌కి మోయగల రైతువారీ ఖాతా కావాలి, పంట పోయినప్పుడు ఎంత పట్టుకోవాలో నిర్ణయించే అధికారం ఎవరిదో తేలాలి, ఖరీదుదారు దగ్గర ఎంత బాకీ ఎన్నాళ్లుగా ఉందో కనిపించాలి. 2016లో మొదలైన ఈనామ్ (కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్) ఉన్నచోట వేలం ఆన్‌లైన్‌కి మారింది కాబట్టి పని వరస మళ్లీ గీసుకోవాలి, ఈ ఇచ్చిపుచ్చుకోలు మాత్రం చాలావరకు అలాగే ఉంటుంది.

లోపం లేదా అంటే ఉంది. ఏది ముందు ఏది తర్వాత అన్నది ఇందులో కనిపించదు, దీంతో స్క్రీన్లు డిజైన్ చేయలేం. అందుకే ఇది గీశాక, డబ్బు చేతులు మారే చోట్లకి మాత్రం బీపీఎంఎన్ గీయండి. కాన్వాస్‌ని వ్యాపారం ఇంకా కుదురుకోని స్టార్టప్‌లకు ఉంచండి. ఆఫీసులో సెలవు చీటీల యాప్ లాంటిదైతే ఇంత హడావుడి అనవసరం, పని వరస ఒక్కటి చాలు.