నాలుగేళ్లు వాడాక రోలర్ బ్లైండ్లు, తెర పట్టాలు: సరుకు ఒకటే, బిగింపు వేరు

అమలాపురంలోని మా ఆసుపత్రి భవనంలో కిటికీలకి 26 రోలర్ బ్లైండ్లు (పైన గొట్టానికి చుట్టుకునే గుడ్డ తెరలు), 8 వర్టికల్ బ్లైండ్లు (నిలువు రెక్కల తెరలు) ఉన్నాయి. వార్డులో 6 మంచాల చుట్టూ తిరిగే తెర పట్టాలు, కింది అంతస్తు గాజు పలకలకి ఫ్రాస్టెడ్ ఫిల్ము (గాజుని మసకగా చేసే పల్చటి పొర) కూడా ఉన్నాయి. అన్నిటికీ నాలుగేళ్లు నిండాయి. రోలర్ బ్లైండ్ల గుడ్డ, గొట్టాలు, క్లచ్చులు (గొలుసు లాగితే గొట్టాన్ని తిప్పే భాగాలు), గొలుసులు ఒకే చోట కొన్నవి, ఒకే లారీలో దిగినవి. బిగించింది మాత్రం రెండు జట్లు. మొదటి అంతస్తు ఒకరు, రెండో అంతస్తు మరొకరు. మొదటి అంతస్తువి ఇప్పటికీ రెండు వేళ్లతో లాగితే లేస్తాయి. రెండో అంతస్తులో మూడు బ్రాకెట్లు గోడలోంచి ఊడి వచ్చాయి, ఐదింటి గుడ్డ అంచులు పోగులు లేచాయి, ఒకదాన్ని మొత్తం మార్చాల్సి వచ్చింది. అందుకే ఈ సమీక్షలో సరుకు గురించి తక్కువ, బిగింపు గురించి ఎక్కువ.

సరుకు సంగతి ముందు చెప్పేస్తాం. 5 శాతం కన్నాలున్న స్క్రీన్ గుడ్డ మే నెల ఎండకీ రంగు పోలేదు, తడిగుడ్డతో తుడిస్తే మరక వదులుతుంది. 38 మి.మీ. అల్యూమినియం గొట్టం 6 అడుగుల వెడల్పు దాకా వంగలేదు. 9 అడుగుల కిటికీకి కూడా అదే గొట్టం వేశారు. అది నడుమ కొద్దిగా కుంగి, గుడ్డ మధ్యలో వి ఆకారంలో ముడతలు పడ్డాయి. అంత వెడల్పుకి 45 మి.మీ. గానీ అంతకన్నా లావు గొట్టం గానీ అడగాలి, లేదా రెండు ముక్కలుగా చేయించుకోవాలి. గుడ్డకి గొట్టానికి మధ్య డబుల్ సైడ్ టేపు కాకుండా గాడిలో దూర్చే ప్లాస్టిక్ పట్టీ ఉన్న రకం మేలు. టేపుది వేసవి వేడికి జారుతుంది.

ఇక కొలతలు. డెల్టా నేల నల్లరేగడి. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలు వారుతుంది, దాని మీద కట్టిన గోడా అంతో ఇంతో కదులుతుంది. కట్టినప్పుడు మూలమట్టానికి సరిగ్గా ఉన్న కిటికీ గూడు పదేళ్లకి అలా ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకని వెడల్పు పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలవాలి. ఎత్తు ఎడమ, నడుమ, కుడి మూడు చోట్ల. ఆ తర్వాత మూల నుంచి ఎదురు మూలకి రెండు వైపులా టేపు పెట్టాలి. ఆ రెండిటి తేడా 6 మి.మీ. దాటితే గూడు లోపల బిగించే ఆలోచన మానుకుని, గోడ మీద బయటి బిగింపుకి వెళ్లడమే మంచిది. లోపలి బిగింపుకి మూడు వెడల్పుల్లో తక్కువది తీసుకుని అందులోంచి 5 నుంచి 10 మి.మీ. తగ్గిస్తారు. రెండో అంతస్తు జట్టు ప్రతి కిటికీకీ పైన ఒక్కచోటే కొలిచింది. రెండు కిటికీల్లో కింది పట్టీ గోడకి రాసుకుని, సున్నం మీద చారలు పడ్డాయి.

కొలతలోనే మరుగు సంగతి కూడా తేలిపోతుంది. రోలర్ బ్లైండ్‌లో గుడ్డ ఎప్పుడూ మొత్తం వెడల్పు కన్నా సుమారు 30 నుంచి 35 మి.మీ. తక్కువే ఉంటుంది, రెండు చివర్లా క్లచ్చు, పిన్ను కూర్చోవాలి కనక. అంటే లోపలి బిగింపులో రెండు పక్కలా అర అంగుళం పైన సందు తప్పదు. ఆఫీసు గదిలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. పరీక్ష గదిలో ఆ సందులోంచి మంచం కనిపిస్తుంది. అక్కడ గోడ మీద బిగించి, కిటికీ అంచు దాటి రెండు పక్కలా మూడు నాలుగు అంగుళాలు గుడ్డ కప్పేలా చేయించాలి. గుడ్డ గొట్టం వెనక నుంచి, గోడ వైపుగా దిగేలా పెడితే పక్క సందు ఇంకా తగ్గుతుంది. స్లైడింగ్ కిటికీ గడియ అడ్డొస్తేనే ముందు నుంచి దింపాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగింది గోడలో.

6 అడుగుల బ్లైండ్ మొత్తం బరువు నాలుగైదు కిలోలు మించదు. బ్రాకెట్టుని ఊడగొట్టేది ఆ బరువు కాదు, రోజుకి నాలుగుసార్లు గొలుసు పట్టుకుని గుంజే చెయ్యి. అందుకే ఊడిన మూడూ గొలుసు ఉన్న వైపు బ్రాకెట్లే. వాటిలో దొరికిన స్క్రూ పొడవు 25 మి.మీ. లెక్క వేసి చూడండి. బ్రాకెట్టు మందం 2, ప్లాస్టరు 15, ఇటుకలోకి దిగింది 8 మి.మీ. అది పట్టుకున్నది ప్లాస్టరునే గాని గోడని కాదు. మొదటి అంతస్తు జట్టు 8 మి.మీ. బిట్టుతో 55 మి.మీ. లోతు కన్నం వేసి, కన్నంలో పొడి ఊది, 40 మి.మీ. ప్లగ్గు (స్క్రూని గోడలో పట్టి ఉంచే ప్లాస్టిక్ గొట్టం) దించి, 50 మి.మీ. స్క్రూ ఎక్కించింది. పొడి ఊదడం చిన్న పనిలా కనిపిస్తుంది. ఊదకపోతే ప్లగ్గు సగంలో ఆగుతుంది, బయటికొచ్చిన ముక్కని బ్లేడుతో కోసేస్తారు, లోపల పట్టు సగమే.

గోడ రకాన్ని బట్టి పద్ధతి మారాలి. ఎర్ర ఇటుకకీ ఫ్లైయాష్ ఇటుకకీ పైన చెప్పింది సరిపోతుంది. తేలిక సిమెంటు బ్లాకుల గోడైతే డ్రిల్లింగు మిషనుని సుత్తి దెబ్బ ఆపి, తిప్పుడు మీదే నడపాలి. లేకపోతే కన్నం గంగాళంలా వెడల్పైపోతుంది. అక్కడ మామూలు ప్లగ్గు పనికిరాదు, రెక్కలున్న పొడుగు ప్లగ్గు కావాలి. లింటెల్ కాంక్రీటులో కడ్డీ తగిలితే బిట్టు ఆగిపోతుంది. అప్పుడు బ్రాకెట్టునే అంగుళం జరపాలి. ఒక కన్నం వదిలేసి మిగిలిన ఒక్క స్క్రూ మీద బిగించిన బ్రాకెట్టు ఆరు నెలలకే తిరుగుతుంది. కిటికీ గూడు అంచుకి రెండు అంగుళాల లోపు కన్నం వేస్తే ప్లాస్టరు మూల పెళ్లగా ఊడుతుంది.

ఫాల్స్ సీలింగు ఇంకో పెద్ద సమస్య. జిప్సం బోర్డు మందం 12.5 మి.మీ. దానికి నేరుగా స్క్రూ వేస్తూ "ఏం పర్లేదండి, పట్టేసుద్దండి" అనే మాట ఇక్కడ చాలామంది వినే ఉంటారు. పట్టదు. ముసురు పట్టిన రోజుల్లో బోర్డు తేమ పీల్చి మెత్తబడుతుంది, స్క్రూ కన్నం చుట్టూ పిండిలా రాలుతుంది. బోర్డు వెనక జి.ఐ. సెక్షన్ (బోర్డుని మోసే ఇనుప పట్టీ) ఎక్కడుందో అయస్కాంతంతో వెతికి దానికే బిగించాలి. సీలింగు మూయక ముందే తెలిస్తే బ్లైండ్లు వచ్చే వరస వెంబడి 18 మి.మీ. ప్లైవుడ్ పట్టీని స్లాబు నుంచి వేలాడే ఫ్రేముకి కట్టించుకోవాలి. కొత్త భవనం కట్టేవారు ఈ ఒక్క పట్టీ సంగతి సీలింగు మేస్త్రికి ముందే చెబితే చాలా తలనొప్పి తప్పుతుంది.

మట్టం దగ్గర జరిగిన తప్పు బయటపడటానికి ఏడాది పట్టింది. రెండో అంతస్తులో కిటికీ గూడు పైఅంచునే ఆధారంగా తీసుకుని బ్రాకెట్లు పెట్టారు, రసమట్టం పెట్టలేదు. 6 అడుగుల మీద 5 మి.మీ. తేడా కంటికి ఆనదు గాని గుడ్డకి తెలుస్తుంది. చుట్టుకున్న ప్రతిసారీ గుడ్డ కొంచెం కొంచెం ఒక పక్కకి నడిచి, అంచు బ్రాకెట్టుకి ఒరుసుకుని పోగులు లేస్తుంది. ముందు మట్టం సరిచేయాలి. బ్రాకెట్టు కింద పల్చటి ప్లాస్టిక్ బిళ్ల పెట్టి గాని, కన్నాన్ని మార్చి గాని. అప్పటికీ నడుస్తుంటే గుడ్డని పూర్తిగా దింపి, అది ఏ వైపుకి జరుగుతోందో దానికి ఎదురు వైపు గొట్టం మీద రెండంగుళాల మాస్కింగ్ టేపు ముక్క అంటించాలి. గుడ్డ, గొట్టం లావు పెరిగిన వైపుకి తిరుగుతుంది. ఒక పొర చాలకపోతే రెండో పొర. రెండో అంతస్తులో మూడు బ్లైండ్లు ఇలాగే దారికొచ్చాయి, కోత పడిన అంచు మాత్రం అలాగే ఉండిపోయింది.

గొలుసుకి బిగించే చిన్న ఆపుడు పూసలు కూడా ఫిట్టరు వదిలేసేవాటిలో ఒకటి. కింద ఆపుడు లేకపోతే గుడ్డ మొత్తం విప్పుకుని, ఇంకా లాగితే తిరగబడి చుట్టుకుంటుంది, అంటించిన చోటు లేస్తుంది. 38 మి.మీ. గొట్టానికి ఒక చుట్టు 12 సెంటీమీటర్లు. కిటికీ ఎత్తు మీద కనీసం 20 సెంటీమీటర్ల గుడ్డ ఎక్కువ ఉంచితే పూర్తిగా దించినా గొట్టం మీద చుట్టున్నర మిగులుతుంది. పై ఆపుడు లేకపోతే కింది పట్టీ బ్రాకెట్ల మధ్య ఇరుక్కుంటుంది.

గొలుసు ఉచ్చు పిల్లల మెడకి చుట్టుకునే ప్రమాదం నిజమైనది. యూరప్‌లో బ్లైండ్ల భద్రతకి ఈఎన్ 13120 అనే ప్రమాణమే ఉంది. పిల్లల వైద్యుడి గది, వేచి ఉండే హాలు, బడి, ఇలాంటి చోట్ల గొలుసుని గోడకి బిగుతుగా పట్టి ఉంచే చిన్న కప్పీ తప్పనిసరి. అది పెట్టెలోనే వస్తుంది. రెండో అంతస్తులో అవన్నీ పెట్టెల్లోనే మిగిలిపోయాయి. ఆ తర్వాత అన్నీ మేమే బిగించాం, ఒక్కోదానికి రెండు స్క్రూలు, పది నిమిషాల పని. గొలుసు కింద సోఫా, మంచం వేయకపోవడం కూడా బిగింపులో భాగమే.

ఉప్పుగాలి ఇక్కడి వాళ్లందరికీ తెలిసిన శత్రువు. సాధారణ ఇనుప స్క్రూ రెండు వానాకాలాల్లో తుప్పు పడుతుంది, ఆ తుప్పు నీళ్లు తెల్ల గోడ మీద కారుతాయి. ఇనుము, అల్యూమినియం తేమలో కలిసిన చోట అల్యూమినియం తినేసుకుని తెల్లటి పొడి తేలుతుంది. కింది పట్టీ మూతల దగ్గర ఇది ముందుగా కనిపించింది. లోపలి గదులకి 304 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలు బాగానే నిలిచాయి. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ లాంటి ఒడ్డు ఊళ్లలో, లేదా కిటికీలు ఎప్పుడూ తెరిచి ఉండే గదుల్లో 316 రకం అడగండి. మధ్యాహ్నం పైరగాలి వీచేటప్పుడు కిటికీ తెరిచి బ్లైండ్ దించి ఉంచితే కింది పట్టీ గాజుకి టకటకా కొట్టుకుంటూ, ప్రతి దెబ్బా బ్రాకెట్టుకి చేరుతుంది. ఆ వేళ పైకి చుట్టేయాలి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు కూడా అంతే. లోపలి బ్లైండు గాలిని ఆపదు.

రాత్రి మరుగు విషయంలో అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. స్క్రీన్ గుడ్డ గానీ, అద్దంలా మెరిసే ఒకవైపు ఫిల్ము గానీ వెలుగు ఎక్కువున్న వైపు నుంచి చూసేవాడికే అడ్డు. పగలు బయట వెలుగు ఎక్కువ, కాబట్టి లోపల కనపడదు. సాయంత్రం లోపల లైట్లు వేసి, బయట చీకటి పడగానే అంతా తిరగబడుతుంది. 5 శాతం గుడ్డ వెనక మనిషి కదలిక వీధిలోంచి స్పష్టంగా కనిపిస్తుంది. ఎక్స్‌రే గది, ప్రసూతి గది, డ్రెస్సింగ్ గదులకి వెలుగు చొరని బ్లాకౌట్ గుడ్డే వేయాలి, లేదా గాజుకి 6 అడుగుల ఎత్తు దాకా ఫ్రాస్టెడ్ ఫిల్ము. ఫ్రాస్టెడ్ పగలూ రాత్రీ ఒకేలా పనిచేస్తుంది. అయితే గాజుకి ఆనుకుని నిలబడ్డ మనిషి నీడ కనిపిస్తుంది, మంచం కనీసం రెండడుగులు దూరంగా ఉండాలి.

ఫిల్ము అంటించడం వానాకాలంలో పెట్టుకోవద్దు. గాజుని బ్లేడుతో గీకి, షాంపూ చుక్కలు కలిపిన నీళ్లు ధారాళంగా కొట్టి, ఫిల్ము పరిచి, రబ్బరు పట్టీతో నడుమ నుంచి అంచులకి నీళ్లు నెట్టాలి. గాజు చుట్టూ ఉండే రబ్బరు బీడింగుకి 1 నుంచి 2 మి.మీ. ఎడం వదలాలి. బీడింగు కిందికి దూర్చితే అంచు లేచిపోతుంది. గాలిలో తేమ ఉంటే లోపలి నీటి మబ్బు ఆరడానికి వారాలు పడుతుంది. ఊక, తవుడు గాలిలో తేలే మండపేట, తణుకు వైపు ఊళ్లలోనైతే తలుపులు మూయించి, ఫ్యాన్లు ఆపించి, నేల తడిపి పని మొదలెట్టాలి. ఒక్క దుమ్ము రేణువు చిక్కుకున్నా అక్కడ బుడగ నిలిచిపోతుంది.

వార్డు తెర పట్టాల్లో చెడేది ఎప్పుడూ వంపు దగ్గరే. పట్టాకి 60 సెంటీమీటర్లకి ఒక ఆధారం ఉండాలి, వంపుకి రెండు వైపులా దగ్గరగా మరో రెండు. అతుకు వంపులో రాకూడదు. మా వార్డులో ఒక పట్టాకి వంపులోనే అతుకు వచ్చింది, తెరని పట్టుకుని పట్టాలో జారే ప్రతి రన్నరూ అక్కడ తట్టుకుని ఆగుతుంది. నర్సు గుంజుతుంది, తెర కన్నం చిరుగుతుంది. అతుకు అంచుల్ని సన్న ఆకురాయితో రుద్దించాక చాలావరకు తగ్గింది. తెరకి ఆరంగుళాలకి ఒక కన్నం, కన్నానికి ఒక రన్నరు, వాటి పైన రెండు అదనం. చివరి మూత విప్పేలా ఉండాలి, లేకపోతే విరిగిన రన్నరుని మార్చడానికి పట్టా మొత్తం దించాలి. తెర వెడల్పు పట్టా పొడవు కన్నా పది ఇరవై శాతం ఎక్కువ ఉంటేనే మూసినప్పుడు చివర సందు పడదు. పైభాగం 18 నుంచి 20 అంగుళాలు జల్లెడ గుడ్డ ఉండటం ఏసీ గాలికీ, మంట ఆర్పే నీటి జల్లుకీ అవసరం. 9 అడుగుల సీలింగుకి అప్పుడు నిండు గుడ్డ 7 అడుగుల 4 అంగుళాల దగ్గర మొదలవుతుంది, నిలబడ్డవాడి చూపుకి అందదు. కింద నేలకి అడుగు ఎడం, తడిగుడ్డ పెట్టి తుడవడానికి.

వర్టికల్ బ్లైండ్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రెక్కల కింది పూసల గొలుసు చీపురుకి తగిలి తెగుతుంది, రెక్కలు ఒకదానికొకటి మెలికపడతాయి. జనం ఎక్కువ తిరిగే చోట వద్దు. ఒక హాలులో మోటారుతో నడిచే బ్లైండు ఉంది. గొట్టం మోటారు నాలుగు నిమిషాలు ఏకబిగిన తిరిగితే వేడెక్కి దానంతట అదే ఆగుతుంది. ఫిట్టరు హద్దులు సెట్ చేస్తూ పదేపదే తిప్పినప్పుడు ఆగిపోతే అది పాడైనట్టు కాదు, పావుగంట ఆగి చూడాలి.

పని అప్పజెప్పే రోజు ప్రతి బ్లైండునీ మేం పదిసార్లు పైకీ కిందికీ నడిపించి, గుడ్డ అంచు రెండు బ్రాకెట్లకీ సమాన దూరంలో ఉందో లేదో పదోసారి చూస్తాం. గొలుసు వైపు బ్రాకెట్టుని బొటనవేలితో నెట్టి చూస్తాం. ఒక స్క్రూని విప్పించి పొడవు కొలుస్తాం. చీకటి పడ్డాక లోపల లైట్లు వేసి, ఎదురు రోడ్డు మీద నిలబడి ఒకసారి చూస్తాం. బిల్లులో పదో వంతు నెల రోజుల తర్వాత ఇస్తామని ముందే మాట్లాడుకుంటాం. రెండో అంతస్తులో ఈ పద్ధతి పెట్టుకోలేదు. మార్చిన ఆ ఒక్క బ్లైండుకీ గుడ్డ, కూలీ కలిపి మళ్లీ మేమే కట్టుకున్నాం.