సెక్యూరిటీ వేస్తామని ఉన్న సెక్యూరిటీ తీసేశారు - గుంటూరు వాళ్ళూ జాగ్రత్త

షాపు పేరు రాయను. గుంటూరులో కంప్యూటర్ కొన్నవాళ్ళలో సగం మంది ఆ మెట్లెక్కి దిగినవాళ్ళే, మీకే తెలుస్తుంది.

మాది పాత ఐ3 ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్, ఎనిమిదో తరం, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్. ఇంట్లో కూర్చుని మిర్చి కమీషన్ కొట్ల లెక్కలు రాస్తాను. ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, అంతకు మించి దాంతో పనేం లేదు. ఈమధ్య స్క్రీన్ మూలన "మీ సిస్టమ్‌లో వైరస్‌లు ఉన్నాయి" అని ఎర్ర డబ్బాలు రావడం మొదలైతే, శంకర్ విలాస్ బ్రిడ్జి పనుల ట్రాఫిక్‌లో సీపీయూని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని మరీ తీసుకెళ్ళాను.

"విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందమ్మా, మంచి సెక్యూరిటీ వేయించుకోకపోతే డేటా మొత్తం పోద్ది" అన్నాడు షాపాయన. సపోర్ట్ అయిపోయిన మాట నిజమే, 2025 అక్టోబర్ 14తో. కానీ ఎనిమిదో తరం మెషిన్ పైసా ఖర్చు లేకుండా విండోస్ 11కి మారుతుందన్న సంగతి మాత్రం మింగేశాడు. అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్ మీద ఎన్ని యాంటీవైరస్‌లు వేసినా ఆ కంతలు పూడవు. ఇది నాకు తర్వాత తెలిసింది. "ఏడాది గ్యారంటీ" అన్నాడు, ఆ సెక్యూరిటీ వేయించుకుని 2,400 యూపీఐలో కొట్టాను.

ఇంటికొచ్చి ఆన్ చేస్తే ట్యాలీ తెరుచుకునేలోపు కుక్కర్ మూడు విజిల్స్ వేస్తోంది. కొత్తది కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. సరిగ్గా 20వ తారీఖు, నెలవారీ జీఎస్టీ రిటర్ను 3బి వేయాల్సిన రోజు, మొత్తం బిగుసుకుపోయింది. 20 దాటితే రోజుకి 50 రూపాయలు లేట్ ఫీ, ఆ పైన వడ్డీ. పార్టీలేమో, అంటే నేను లెక్కలు రాసే కొట్ల వాళ్ళు, ఒకటే ఫోన్లు. చివరికి పక్కింటి అబ్బాయి ల్యాప్‌టాప్ అడుక్కొచ్చి వేశాను.

ఆ రాత్రి హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడికి వీడియో కాల్‌లో చూపిస్తే వాడు తల పట్టుకున్నాడు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గర నిలబడిపోయి ఉంది. ఒకటి కాదు, రెండు యాంటీవైరస్‌లు, రెండూ తెరిచిన ప్రతి ఫైలునీ పోటీపడి చూస్తున్నాయి. ఒకటి ఎవరైనా ఉచితంగా దింపుకునేది, రెండోది 30 రోజుల ట్రయల్. ఏడాది గ్యారంటీ అంటే ఇదన్నమాట! వాటికి తోడు స్పీడ్ పెంచుతానని ఒకటి, డ్రైవర్లు అప్‌డేట్ చేస్తానని ఇంకొకటి.

అవన్నీ తీసేయించాడు. తీసేయగానే విండోస్‌లో పుట్టుకతో ఉండే యాంటీవైరస్ డిఫెండర్ తనంతట తానే లేచింది. బయటి యాంటీవైరస్ వేస్తే అది పక్కకి తప్పుకుంటుందట. అమ్మయ్య అనుకునేలోపు తమ్ముడు ఎక్స్‌క్లూజన్స్ తెరవమన్నాడు. అక్కడ సి డ్రైవ్ మొత్తం రాసి ఉంది. అంటే, ఈ డ్రైవ్‌లో ఏమున్నా నువ్వు చూడొద్దు అని డిఫెండర్‌కి ముందే చెప్పి పెట్టారు. ఎందుకంటే నేను అడగని దొంగ మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఒకటి వేసి, దాన్ని డబ్బు కట్టకుండా నడిపించే క్రాక్ పట్టుబడకుండా ఈ ఏర్పాటు. నా బ్యాంకు, పార్టీల జీఎస్టీ లాగిన్లు అన్నీ ఆ సిస్టమ్‌లోనే ఉన్నాయి. రాత్రంతా ఫోన్‌లోంచి పాస్‌వర్డ్‌లు మారుస్తూ కూర్చున్నాను.

పొద్దున్నే వెళ్ళాను. కౌంటర్ దగ్గర నలుగురైదుగురు ఉన్నారు. మర్యాదగానే అడిగాను, సి డ్రైవ్‌ని ఎక్స్‌క్లూజన్‌లో ఎందుకు పెట్టారండీ అని. ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. "అవన్నీ టెక్నికల్ అమ్మా, మీకు చెప్పినా అర్థం కావు. సార్‌ని పంపండి, సార్‌కి చెప్తాను" అన్నాడు. పక్కనున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు. మా సార్‌కి ప్రింటర్ ఆన్ చేయడం నేర్పిందే నేను! ఆ మాట అప్పుడు నోటికి రాలేదు, ఆటో ఎక్కాక వచ్చింది, ఏం లాభం.

సరే, డబ్బులు తిరిగివ్వండి, లేదా 2,400కి బిల్లన్నా ఇవ్వండి అన్నాను. "బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ ఎక్స్‌ట్రా పడుద్ది మరి, మీ ఇష్టం" అని, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు నవ్వాడు. నెలనెలా రిటర్నులు వేసేదానికి చెప్తున్నాడు జీఎస్టీ గురించి! బిల్లు లేకుండా ఏదీ కొనకండి అని పార్టీలకి నీతులు చెప్పే నేనే చేతులూపుకుంటూ వచ్చినందుకు నాకు ఆ మాత్రం పడాల్సిందే అనుకోండి. కానీ "సార్‌ని పంపండి" ఏంటండీ? డబ్బు కట్టేటప్పుడు అడిగాడా, సార్ ఎక్కడని?

ఇంతకీ ఆ ఎర్ర డబ్బాలు వైరసే కాదట. ఏదో సైట్‌లో నోటిఫికేషన్లకి అలౌ నొక్కామట. క్రోమ్ సెట్టింగ్స్‌లో ఆ సైట్‌ని బ్లాక్ చేస్తే నిమిషంలో పోయాయి.

మా తమ్ముడు చెప్పింది ఇది, ఇంటి వాడకానికి చాలట: డిఫెండర్ ఒక్కటి ఉంచుకోండి, విండోస్ అప్‌డేట్లు ఆపకండి, బ్రౌజర్‌లో ప్రకటనల్ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ లైట్ వేసుకోండి, రోజువారీ పనికి అడ్మిన్ కాని అకౌంట్ వాడండి. ట్యాలీ డేటా బయటి డిస్క్‌లోకి కాపీ చేసి ఆ డిస్క్ పీకి పక్కన పెట్టండి. క్రాక్ ఒకసారి దూరిన సిస్టమ్‌ని మాత్రం నమ్మకూడదట, అందుకే ఆదివారం వాడే వచ్చి మొత్తం తుడిచి విండోస్ 11 ఎక్కిస్తానన్నాడు.

అదే షాపులో వేయించుకున్నవాళ్ళు ఉంటే ఇప్పుడే విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్ నొక్కి, అట్టడుగున ఎక్స్‌క్లూజన్స్ చూడండి. బయటి యాంటీవైరస్ ఉంటే అది తీసేస్తేనే కనబడుతుంది. మీదీ నాలాగే ఉంటే కామెంట్‌లో చెప్పండి. నా దగ్గర యూపీఐ రసీదు, స్క్రీన్‌షాట్లు ఉన్నాయి, రేపు 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తున్నాను. సార్‌తో కాదు, నేనే.