గుత్తి కోట కింద ఉగ్గాని, ఎర్రగుడి రాతి మీద వంటిల్లు

నవంబరులో ఒక ఆదివారం, పొద్దున ఆరున్నరకే అనంతపురం జిల్లా గుత్తిలో ఉగ్గాని బండి ముందు నిలబడ్డాం, నేనూ మా చిన్నాన్న కొడుకూ. బండామె బొరుగులను బక్కెట్టు నీళ్ళలో ముంచి, పిడికిళ్ళతో పిండి, తిరగమాతలోకి వదులుతోంది. కాస్త ఎక్కువ నానితే ముద్దవుతాయి, తక్కువ పిండితే అడుగున నీళ్ళు చేరతాయి. ఆమె మాత్రం వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడుతూనే పిండేస్తోంది, బొరుగుల వైపు చూడనైనా లేదు. పైన పప్పుల పొడి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. రోజంతా తిన్నవాటిలో ఇదే మొదటి స్థానం, ఇప్పుడే చెప్పేస్తున్నా.

"కోటకా నాయనా? నీళ్ళు ఎత్తుకోండి, పైన ఏమీ దొరకదు" అంది. రెండు లీటర్లు చాలనుకున్నాం.

కోట మైదానం మీంచి సుమారు 300 మీటర్ల ఎత్తు. ఒక వాకిలి దాటితే ఇంకో వాకిలి, మధ్యలో రాళ్ళు లేచిపోయిన దారి, ముళ్ళకంపలు. బోర్డులు ఉన్నంతవరకు సరే, పైకి పోయేకొద్దీ కాళ్ళనే నమ్ముకోవాలి. మాకు గంటన్నర పట్టింది. కొండ అంచున చిన్న మంటపం ఉంది, ఒకప్పుడు గుత్తిని ఏలిన మరాఠా నాయకుడు మురారిరావు కూర్చున్న చోటంటారు. ఊళ్ళో కట్టించుకున్న జొన్నరొట్టెలు, బుడ్డల (వేరుశెనగల) ఊరిమిండి, అంటే పచ్చడి, అక్కడే విప్పాం. రొట్టె బాగుంది, ఊరిమిండిలో కారం ఎక్కువ. నీళ్ళు అప్పటికే అయిపోయాయి! 1776లో హైదర్ అలీ ముట్టడించినప్పుడు మురారిరావు లొంగిపోయింది కూడా కోటలో నీళ్ళు కరువయ్యే. నోరు మండుతూ అక్కడ కూర్చుంటే ఆయన బాధ బాగా అర్థమవుతుంది.

దిగి వచ్చాక బ్రిటిష్ కాలపు మద్రాసు గవర్నరు మన్రో సంగతి గుర్తొచ్చింది. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట గుత్తిలోనే పూడ్చి, తర్వాత మద్రాసుకు తీసుకెళ్ళారు.

మధ్యాహ్నం హైవే హోటల్లో సంగటి, నాటుకోడి పులుసు. పులుసు ఫరవాలేదు. సంగటి మాత్రం చేతికి అంటుకుంటూనే ఉంది, ఇంట్లో అయితే మా అవ్వ తిరిగి పొయ్యెక్కించేది. ఊళ్ళోనే ఏదైనా చిన్న మెస్సులో తినుంటే బాగుండేది.

బస గురించి: ముందురోజు రాత్రి దిగిన లాడ్జిలో వేన్నీళ్ళున్నాయని చెప్పి డబ్బు తీసుకున్నారు, పొద్దున అడిగితే గీజరు రిపేరన్నారు. దుప్పట్లు మాత్రం శుభ్రం. అనంతపురంలో దిగితే వసతి మెరుగే, దూరం 50 కిలోమీటర్లు. కానీ ఆ ఉగ్గాని వేళకు అందుకోవాలంటే చీకట్లోనే బయలుదేరాలి. రైలుకు వచ్చేవాళ్ళు గుత్తి ఆర్.ఎస్. నుంచి ఊళ్ళోకి ఆటో ఎక్కాలి.

సాయంత్రం పత్తికొండ దారిలో ఎర్రగుడికి పోయాం. అక్కడి నుంచి కర్నూలు జిల్లా. ఆటోకు రానూపోనూ, ఆగేదానికీ కలిపి ముందే మాట్లాడుకోండి. మేము మాట్లాడుకోలేదు, కాబట్టి చివర్లో వాదులాట.

గుండ్ల మీద అశోకుడి శాసనాలు, బ్రాహ్మీ లిపిలో. వీటిని 1929లో గుర్తించారు. ఒకదానిలో కొంత భాగం విచిత్రం: ఒక వరుస ఎడమ నుంచి కుడికి పోతే, తర్వాతది కుడి నుంచి ఎడమకి. మడక దున్నే ఎద్దులు సాలు చివర మళ్ళినట్టు. ఇంకోచోట రాజుగారి వంటిల్లు ఉంది. అంతకుముందు కూరలకు రోజూ లక్షల జీవాలను చంపేవారట, ఇప్పుడు మూడే, రెండు నెమళ్ళు, ఒక జింక, ఆ జింక కూడా రోజూ కాదు, ఇకమీదట అవీ చంపరు అని. ఇది చెబుతుంటే నాటుకోడి తిన్న మావాడు ఎటో చూశాడు.

ఇంతలో ఆటో ఆయన ఉడకబెట్టిన పచ్చి బుడ్డలు కాగితం పొట్లంలో తెచ్చాడు. బుడ్డలు మన దేశానికి అశోకుడి తర్వాత ఎన్నో వందల ఏళ్ళకు గానీ రాలేదు, ఆయన వంటింట్లో ఇవి ఉండే అవకాశమే లేదు. గుండ్లకు దూరంగా నీడలో కూర్చుని, ఉప్పునీళ్ళు మోచేతిదాకా కారుతుండగా ఒలుచుకుని తిన్నాం. తొక్కలు అదే పొట్లంలో చుట్టి ఆటోలో వేసుకున్నాం.