చిరుత ఫోటోకి ఏది మేలు: సబీ శాండ్, మారా, లువాంగ్వా?

ఆఫ్రికా సఫారీ అనగానే మనవాళ్లలో ఎక్కువమంది కెన్యాలోని మాసాయి మారాకే టికెట్ తీస్తారు. ముంబై నుంచి నైరోబీకి నేరుగా విమానం ఉంది, ప్యాకేజీలు బోలెడు. సింహాలు, చీతాలు, ఏనుగులు అన్నీ ఒకే ట్రిప్‌లో చూడాలంటే దానికి తిరుగులేదు. కానీ మీ మనసంతా చిరుతపులి మీదే ఉండి, చూసి రావడంతో సరిపెట్టుకోకుండా గోడకి తగిలించుకునే ఫోటో కావాలంటే నా ఓటు దక్షిణాఫ్రికాలోని సబీ శాండ్‌కి. బండి రోడ్డు దిగొచ్చా, చీకటి పడ్డాక ఉండనిస్తారా, ఒక జంతువు చుట్టూ ఎన్ని బళ్లు చేరతాయి అన్న మూడింటి మీద మీ ఫోటో ఆధారపడినంతగా కెమెరా మీద కూడా ఆధారపడదు.

సబీ శాండ్ క్రూగర్ నేషనల్ పార్కుని పడమటి వైపు ఆనుకుని ఉన్న ప్రైవేటు అడవి. మధ్యలో ఉన్న కంచె 1993లో తీసేశారు కాబట్టి జంతువులకి హద్దు లేదు, హద్దంతా మనుషులకే. క్రూగర్‌లో సొంత కారులో తిరిగేవాళ్లు రోడ్డు దిగకూడదు, ఇక్కడ చిరుత కనిపిస్తే గైడు బండిని పొదల్లోకి దింపేస్తాడు. ఒక్కో చిరుత దగ్గర రెండు మూడు బళ్లకి మించి ఉండనివ్వరు. తరతరాలుగా బళ్లని చూస్తూ పెరిగిన చిరుతలు కావడంతో మనల్ని పెద్దగా పట్టించుకోవు.

ఇక్కడ అసలు పనంతా ట్రాకర్‌ది. బానెట్ చివర బిగించిన సీట్లో కూర్చుంటాడు, ఇసుక దారి మీద అడుగు కనిపిస్తే చెయ్యెత్తి బండి ఆపిస్తాడు, దిగి వంగి చూస్తాడు: అంచులు ఇంకా పదునుగా ఉన్నాయా, లేక రాత్రి ఏ పురుగో దాని మీదుగా పాకిపోయిందా. ఉడతలూ కోతులూ ఒకే చోట ఆగకుండా అరుస్తుంటే అటు తిరగమంటాడు. దొరికిన చిరుత ఏదో మీసాల దగ్గరి చుక్కలు చూసి చెప్పేస్తారు. పైవరస మీసాలకి పైన ఒక చెంప మీద మూడు, రెండో చెంప మీద రెండు చుక్కలుంటే ఆ చిరుత లెక్క 3:2 అన్నమాట. మీ ఫోటో జూమ్ చేసి మీరూ లెక్కపెట్టుకోవచ్చు, సరదాగా ఉంటుంది.

లోట్లు లేవా అంటే ఉన్నాయి. ముందు ఖరీదు, లాడ్జి రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. పొదలు దట్టం, సరిగ్గా కన్ను మీదే ఒక పుల్ల అడ్డం వస్తుంది. మే నుంచి సెప్టెంబరు దాకా ఆకు రాలి బాగా కనిపిస్తుంది కానీ జూన్‌లో సాయంత్రం అయిదుంపావుకల్లా సూర్యుడు దిగిపోతాడు, మిగతా డ్రైవ్ అంతా స్పాట్‌లైట్‌లోనే.

మారాలో చిరుత దొరకదని కాదు. తాలెక్ నది పక్క చెట్లలో గైడ్లు ముందు వెతికేది వేలాడే తోకనే. దొరికితే మాత్రం కబురు రేడియోలో పాకి పది నిమిషాల్లో వ్యాన్ల జాతర. మెయిన్ రిజర్వులో రోడ్డు దిగితే జరిమానా, రాత్రి డ్రైవ్ లేదు, పైగా 2024 నుంచి విదేశీయులకి ప్రవేశ రుసుమే రోజుకి జూలై-డిసెంబరులో 200 డాలర్లు, మిగతా నెలల్లో 100. ఎలాగూ మారాయే అనుకుంటే నబోయిషో, మారా నార్త్ లాంటి కన్జర్వెన్సీలో (రిజర్వు పక్కనే ఉండే ప్రైవేటు అడవిలో) దిగండి. అక్కడ రోడ్డు దిగొచ్చు, రాత్రి తిరగొచ్చు, బళ్లూ తక్కువ. పైకప్పు లేచే వ్యాన్ మాత్రం వద్దంటాను, అంత ఎత్తు నుంచి తీస్తే నేల మీదున్న చిరుత పిల్లిలా కనిపిస్తుంది.

జాంబియాలోని సౌత్ లువాంగ్వా ఈ రెంటికీ మధ్యలో వస్తుంది. నేషనల్ పార్కే అయినా చీకటి పడ్డాక రాత్రి ఎనిమిది దాకా తిరగనిస్తారు, చిరుత లేచి పనిలో పడేది కూడా అప్పుడే. రోడ్డు మాత్రం దిగకూడదు. లైటు ఎదురుగా వేస్తే కళ్లు మెరిసి మొహం చదునుగా వస్తుంది, పక్క బండి లైటు ఓరగా పడుతున్నప్పుడు నొక్కితే బొమ్మకి ప్రాణం వస్తుంది. కెమెరాలో ఐఎస్ఓ (వెలుతురుని పట్టే శక్తి) 6400, షటర్ సెకనులో 1/100 వంతు దగ్గర పెట్టుకుని, అది నిలబడి చూసే క్షణం కోసం ఆగాలి. అక్టోబరులో ఎండ మాడ్చేస్తుంది కానీ నీళ్లు ఇంకిపోయి జంతువులన్నీ నది దగ్గరికే చేరతాయి. ఇప్పటికే పగటి ఫోటోలు కొన్ని చేతిలో ఉన్నవాళ్లకి నేను చెప్పేది లువాంగ్వానే.

లెన్స్ కూడా వెళ్లే చోటునిబట్టే, ఎంఎం ఎంత పెద్దదైతే జంతువుని అంత దగ్గరికి లాగుతుంది. సబీ శాండ్‌లో చిరుత పది మీటర్లలో పడుకుంటే 600 ఎంఎంలో మొహం తప్ప ఏమీ పట్టదు, తక్కువ వెలుతురులోనూ పనికొచ్చే 70-200 ఎఫ్2.8 జూమ్ ఉంటే హాయి. మారా రిజర్వులో రోడ్డు మీదనుంచే తీయాలి కాబట్టి 400 పైన కావాల్సిందే. ఒక్కటే తీసుకెళ్తానంటే 100-400 లేదా 100-500, మూడు చోట్లా నెట్టుకొస్తుంది. చెట్టు మీద ఉన్నదాన్ని తీస్తే వెనక ఆకాశం తెల్లగా ఉండి చిరుత నల్లగా వస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పైకి పెంచండి, ఆకాశం పోతే పోనివ్వండి. కెన్యాలో చిన్న విమానాలెక్కితే సామాను 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులో ఉండాలి. లెన్స్ ఆనించుకునే బీన్ బ్యాగ్ ఖాళీగా తీసుకెళ్లి అక్కడ బియ్యంతో నింపుకోండి.

కెన్యా వెళ్లేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.