హాంకాంగ్ వీధుల్లోని క్యాంటనీస్: ఒక ఆన్‌లైన్ కోర్సుపై సమీక్ష

క్యాంటనీస్ పాఠాలు చాలావరకు పలకరింపులు, అంకెలు దాటి ముందుకు సాగవు. నేను ఇటీవల పూర్తిచేసిన ఈ ఆన్‌లైన్ కోర్సు మాత్రం హాంకాంగ్‌లో జనం రోజూ వాడే మాటలనే పాఠాలుగా మలిచింది. ఎవరైనా కానుక ఇస్తే ‘తోచె’ అని, తలుపు పట్టుకోవడం, టీ తెచ్చిపెట్టడం వంటి చిన్న సాయం చేస్తే ‘మ్‌గోయ్’ అని కృతజ్ఞత చెప్పాలన్న సంగతిని నిర్వచనంతో కాక వరుస సంభాషణలతోనే మన చెవికి ఎక్కిస్తుంది. ఎర్ర మినీబస్సు పాఠం నాకు మరీ నచ్చింది. అందులో దిగదలచినవారు డ్రైవరుకు వినబడేలా ‘కాయ్ హౌ యౌ లోక్, మ్‌గోయ్’ అని, అంటే వీధి చివర దిగేవాళ్లున్నారండీ అని, గట్టిగా చెప్పాలి. ఆ మాటను ఇంజిన్ రొద మధ్యనే వినిపించి, మన చేత అదే గొంతుతో పలికిస్తారు.

కోర్సుకు ప్రాణం మాత్రం వాక్యాంత ప్రత్యయాల అధ్యాయమే. ‘ఖోయ్ మ్ లై’ అంటే అతను రాడు. దాని చివర ‘వో’ను కింది స్థాయి నుంచి కాస్త ఎత్తి పలికితే ‘అతను రాడట’ అవుతుంది. అదే ‘వో’ను మధ్యస్థాయిలో నిలకడగా పలికితే, చెప్పేవారు తాము గమనించిన విషయాన్ని ఎదుటివారి దృష్టికి తెస్తున్నట్టు. పైస్థాయిలో ‘మె’ చేరిస్తే ‘రాడా ఏమిటి?’ అనే ఆశ్చర్యం పలుకుతుంది. ‘అట’, ‘ఏమిటి’, ‘మరి’ వంటివి క్షణక్షణం వాడే తెలుగువారికి ఇది కొత్త వింత కాదు, కాబట్టి ఈ అధ్యాయాన్ని తొందరపడి దాటవద్దని నా మనవి.

క్యాంటనీస్‌లోని ఆరు స్వరాలను, అంటే మాట అర్థాన్నే మార్చే గొంతు ఎత్తుపల్లాలను, 1993లో హాంకాంగ్ భాషాశాస్త్ర సంఘం రూపొందించిన జ్యుత్‌పింగ్ అనే రోమన్ లిపి పద్ధతిలోని అంకెలతో చూపించారు. కొనడం, అమ్మడం రెండూ ‘మాయ్’ అనే అక్షరానికి స్వరభేదాలే కనుక ఆ అంకెలు అలంకారానికి కావు.

లోపం రికార్డింగుల్లో ఉంది. గొంతులన్నీ నెమ్మదిగా, స్పష్టంగా ఉంటాయి. ‘నీవు’ అనే అర్థంలో ‘నేయ్’ అని నేర్పుతారు, కానీ హాంకాంగ్‌లో చాలామంది నోట అది ‘లేయ్’గానే వినిపిస్తుంది. ఈ మార్పును కోర్సు ఒక్క వాక్యంలో తేల్చేయడం నాకు బాధ కలిగించింది, ఎందుకంటే వాడుక భాష నేర్పుతామన్నవారు మొట్టమొదట వినిపించవలసింది దానినే. స్వరాలతో బొత్తిగా పరిచయం లేనివారు ముందు వాటిని వేరే పాఠాల్లో సాధన చేసి, ఆ తరువాతే దీనికి డబ్బు కట్టడం మంచిది.