స్ట్రోక్ రిస్క్ ప్యాకేజీ, హోమ్ కలెక్షన్: హోమోసిస్టీన్ టెస్ట్ బుక్ చేసేవాళ్ళు ఒక్కసారి చదవండి

మా నాన్నగారికి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, గుడ్డు కూడా ముట్టరు. అరికాళ్ళు తిమ్మిర్లంటుంటే డాక్టర్‌గారు బి12, హోమోసిస్టీన్ (రక్తంలో ఉండే ఒక అమైనో ఆమ్లం, బి12, ఫోలిక్ యాసిడ్ లాంటివి తక్కువైతే పెరుగుతుంది) చేయించమన్నారు. ఇంటికొచ్చి బ్లడ్ తీసుకెళ్ళే ఒక ల్యాబ్ వాళ్ళ దగ్గర ఈ ప్యాకేజీ బుక్ చేశాను. పేరు రాయట్లేదు, ఎవరి దగ్గర బుక్ చేసినా ఈ విషయాలు చూసుకోవాల్సిందే కాబట్టి.

కుర్రాడు టైముకే వచ్చాడు, చెయ్యి కూడా తేలిక, నాన్న అసలు నొప్పే తెలీలేదన్నారు. కానీ తీసిన ట్యూబుల్ని మామూలు బ్యాగులో వేసుకుని, ఇంకా మూడు నాలుగిళ్ళు చూసుకుని వెళ్ళాలండీ అని బండెక్కేశాడు, గుంటూరులో, మే నెల ఎండలో. ఈ టెస్టుకి అలా అస్సలు కుదరదు. ట్యూబులోకి వచ్చాక కూడా రక్తంలో ఎర్రకణాలు హోమోసిస్టీన్ వదుల్తూనే ఉంటాయి, బయట పెడితే గంటకి దాదాపు పది శాతం చొప్పున పెరిగిపోతుంది, అందుకే తీయగానే ఐస్‌లో పెట్టి గంటలోపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా వేరు చెయ్యాలి. రిపోర్టు 31 వచ్చింది. 15 లోపు ఉండాలి. డాక్టర్‌గారు శాంపిల్ ఎలా తీశారో అడిగి, ల్యాబ్‌కే వెళ్ళి మళ్ళీ ఇవ్వండి అన్నారు. మా పక్క వీధి చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్ అమ్మాయి మేం అడక్కముందే ఐస్ డబ్బా పక్కన పెట్టుకుని బ్లడ్ తీసి అక్కడికక్కడే తిప్పేసింది. అక్కడ 22. అదీ ఎక్కువే, బి12 కూడా బాగా తక్కువుంది, కానీ 31కి 22కి తేడా లేదా?

నాకు ఇంకా కోపం వచ్చింది రిపోర్టు మీద. ఎర్ర అక్షరాలతో హై స్ట్రోక్ రిస్క్ అని వేసి, కిందే ఫోలిక్ యాసిడ్, బి6, బి12 హై డోస్ కాంబో ఆఫర్ పెట్టారు. నాన్న ఆ రాత్రి నిద్రపోలేదు. హోమోసిస్టీన్ ఎక్కువున్నవాళ్ళలో స్ట్రోక్‌లు ఎక్కువన్నది నిజమే, 1969లోనే మెక్‌కల్లీ అనే అమెరికన్ డాక్టర్ దీనికీ రక్తనాళాలు పాడవడానికీ లింకుందని చెప్పాడు. కానీ విటమిన్లేసి దాన్ని తగ్గిస్తే స్ట్రోక్ ఆగుతుందా అంటే అంత సూటిగా చెప్పలేం. 2004లో వచ్చిన విస్ప్ అనే విటమిన్ల ట్రయల్‌లో, అప్పటికే స్ట్రోక్ వచ్చిన 3,680 మందిలో, లాభం కనపడలేదు. 2006లో హోప్-2 అనే ఇంకో ట్రయల్‌లో స్ట్రోక్‌లు పాతిక శాతం దాకా తగ్గాయి, గుండెపోట్లు తగ్గలేదు. 2015లో చైనాలో 20,702 మంది బీపీ పేషెంట్ల మీద చేసినదాంట్లో ఎనలాప్రిల్ అనే బీపీ మాత్రకి 0.8 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ కలిపితే మొదటి స్ట్రోక్ 3.4 శాతం నుంచి 2.7కి దిగింది. అక్కడ కూడా అందరూ బీపీ మాత్ర వేసుకుంటూనే ఉన్నారు, అది గమనించండి.

ఆ కాంబో అమ్మేవాళ్ళు క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) ఎంతుందని ఒక్క ముక్క అడగలేదు! కెనడాలో షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి ఇలాంటి హై డోస్ బి విటమిన్లు ఇచ్చి చూస్తే, 2010లో వచ్చిన రిజల్ట్ ప్రకారం, కిడ్నీలు ఇంకా త్వరగా పాడయ్యాయి, గుండెపోటు, స్ట్రోక్ లాంటివి కూడా పెరిగాయి. బి12 తక్కువున్నవాళ్ళు ఉత్త ఫోలిక్ యాసిడ్ మింగితే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది గానీ లోపల నరాలు పాడవుతూనే ఉంటాయి. బి6 ఎక్కువ డోసులో నెలల తరబడి వాడితే దానివల్లే తిమ్మిర్లు రావచ్చు. తిమ్మిర్లున్న మనిషికి అది అమ్మడమేంటండీ.

డాక్టర్‌గారు క్రియాటినిన్ చూసి మిథైల్‌కోబాలమిన్ (ఇదీ బి12 విటమినే) ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, బీపీ మాత్ర మాత్రం ఒక్కరోజు కూడా మానొద్దని గట్టిగా చెప్పారు.

మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళుగా వాడేవాళ్ళు, మాంసం గుడ్డు తిననివాళ్ళు, ఎసిడిటీకి పాంటాప్రజోల్ రోజూ మింగేవాళ్ళు డాక్టర్‌ని అడిగి ముందు బి12 చూపించుకోండి, వీళ్ళలో బి12 తగ్గే అవకాశం ఎక్కువ. షుగర్, కొలెస్ట్రాల్ లాంటి వాటికి వీళ్ళ హోమ్ కలెక్షన్ బానే ఉంది, మళ్ళీ బుక్ చేస్తాను కూడా. హోమోసిస్టీన్‌కి మాత్రం ఐదుకి రెండు స్టార్లు, ఆ రెండూ ఆ కుర్రాడి చేతికి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఫ్రీగా మళ్ళీ చేస్తామన్నారు, ఐస్ బాక్స్‌తో పంపిస్తారా అంటే కనుక్కుని చెప్తామన్నారు, ఇంకా చెప్పలేదు. చెప్తే ఇక్కడే అప్‌డేట్ పెడతాను.